రబ్బరుతో తుడిచిన గుర్తులు

...‘మా ఇంగ్లిష్ మేడమ్ చనిపోయారు’ అని రాసి నిన్న అక్కడే ఆపేశాను. ఆ ఒక్క ముక్కకే అలసిపోయాను. సోమవారం ప్రేయర్ బెల్లు కొట్టకముందే స్కూల్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఆస్పత్రిలో పోయారని. తొమ్మిదో తరగతికీ, పదికీ రీడింగ్ చెప్పేది ఆవిడే.

మేడమ్ క్లాసుకు రాగానే పాత పేపరు ముక్కతో గనుల నుంచి వచ్చి బల్ల మీద పడ్డ బొగ్గు దుమ్ము తుడిచేవారు. తర్వాత ఒక్క పేరా చదివించి పుస్తకాలు మూయించేవారు. "ఇప్పుడు చదివింది పక్కోళ్లకు చెప్పుండ్రి, ఇంట్ల మాట్లాడినట్టు." చెప్తూ చెప్తూ ఎక్కడ మాట ఆగిపోతే, పుస్తకం తెరిచి అక్కడ పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టాలి. మొదటి గుర్తు ఎప్పుడూ ఆవిడదే. "ఈ లైను నాకే సమజ్ కాలే" అనేవారు. పక్కవాళ్ల గుర్తు చూసి ఎవరైనా నవ్వితే తర్వాతి పేరా వాళ్లే చెప్పాలి.

ఈ పద్ధతి ఆవిడకు మా బాపు దగ్గర దొరికింది. బాపు గనిలో కప్పు కూలకుండా సపోర్టులు పెట్టే పని చేస్తాడు. పేరెంట్స్ మీటింగులో మేడమ్ ఆయన్ని అడిగారు. "లోపలికి పోంగనే ముందుగాల ఏం చేస్తరు అన్నా?"

"కట్టెతోని కప్పు తట్టి ఇంటం మేడమ్. ఖంగుమంటె ఫికర్ లేదు. డొల్లగ మోగితె కింద నిలబడం. సుద్దతోని గుర్తు పెట్టి అందరికి చెప్తం."

"చెప్పనీకి నామోషీ కాదా?"

"నామోషీ ఏంది మేడమ్! చెప్పకపోతె పానాలు పోతయ్."

మర్నాడే క్లాసులో ఆ మాట చెప్పి పెన్సిళ్లు తీయించారు. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మేడమ్, నా పేజీ మొత్తం డొల్లనే" అన్నాడు.

"గట్లయితె హెల్మెట్ పెట్టుకొని కూసో."

నా పేజీలో మాత్రం ఒక్క గుర్తూ ఉండేది కాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. స్కూలుకు ఎవరొచ్చినా నాతోనే చదివిస్తారు. ఎక్కడా ఆగకుండా చదువుతాను. అందులో సగం నాకు అర్థం కాదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. గుర్తులు పెట్టేదాన్ని, మేడమ్‌కి పుస్తకం ఇచ్చేముందు తుడిచేసేదాన్ని.

ఒకరోజు మేడమ్ నా పుస్తకాన్ని కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకున్నారు. పెన్సిల్ నొక్కులన్నీ కనిపించాయి. అందరి ముందూ ఏమీ అనలేదు. లంచ్‌లో వరండాలోకి పిలిచి, "రబ్బరుతోని తుడిస్తె కప్పు గట్టిపడ్తదా బిడ్డా?" అన్నారు. ఏడ్చాను. "నీ నోరు ఉరుకుతాంది, నువ్వేమో ఎనకనే ఉంటున్నవ్. నోటిని జర ఆపు, అందుకుంటవ్."

అప్పట్నుంచి రోజూ లంచ్‌లో పది నిమిషాలు నాకే. ఒక్క పేరా, అంతే. ఫ్లాస్కు మూతలో పోసుకున్న టీ, నేను చెప్పడం అయ్యేదాకా అలాగే చల్లారిపోయేది. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తెలిసినవాళ్లే లేరు. హమ్మయ్య అనుకోవాలేమో. భయమేస్తోంది.

ఎప్పుడైనా ఎవరైనా టీచరు ఇది చదివితే ఒక్కటే అడుగుతాను. గుర్తు లేని పుస్తకాన్ని కూడా ఒకసారి వెలుగుకు పట్టి చూడండి.

రేపు సంతాప సభ. ప్రిన్సిపాల్ సార్ ఇంగ్లిష్‌లో టైపు చేసిన కాగితం ఇచ్చి, "నీలాగా ఎవరు చదువుతారు, నువ్వే చదవాలి" అన్నారు. బాపు షిఫ్టులో అందరికీ చెప్పుకున్నాడట. నాలుగుసార్లు చదివాను. ఆరు చోట్ల అర్థం కాలేదు. ఆవిడ గురించి రాసిందే, అర్థం కాకుండా గడగడా చదివెయ్యాలా? ఆరు గుర్తులూ పెట్టాను. వాటి సంగతి సార్‌ని అడిగితే అది బాపు దాకా పోతుంది, అంతకంటే ముందు నేనే బాపుకి నిజం చెప్పాలి. ఒంట్లో ఓపిక లేదు. రబ్బరు పక్కనే ఉంది.

తలుపు తట్టిన చప్పుడు.

"బిడ్డా, డ్యూటీ నుంచి అచ్చిన. రేపటిది ఒక్కపారి సదివి ఇనిపియ్యి."

ఈ కాగితాలు పరుపు కింద పెట్టేస్తాను. రబ్బరు కూడా. సార్ ఇచ్చిన కాగితం మాత్రం బల్ల మీదే ఉంది, ఆరు గుర్తులతో.

బాపు మళ్లీ ఒక్కసారి తట్టి ఆగాడు. వింటున్నాడు.