సీరియల్ ఆఖరి వారం

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో ఇంగ్లీషు నవల చదువుతూ మధ్యమధ్యలో నాకు కథ చెప్పింది. రాబోయే కాలమట, ఎవరు ఏం తినాలో ఏం మాట్లాడాలో పైవాళ్ళే చెప్పే రాజ్యమట, దానికి ఎదురు తిరిగేది పదహారేళ్ళ పిల్లట. వింటూ నేను కళ్ళు మూసుకుంటే నిద్రపోయాననుకుని లేచి వెళ్ళింది. నిద్ర కాదు. ఈ వయసులో కొన్ని సంగతులు గుర్తొస్తే కూర్చున్నచోటే అలసట కమ్ముకొస్తుంది, మీకూ ఉంటుంది కదా.

ఎనభైల మొదట్లో, గురజాల దగ్గర మా ఊళ్ళో నాకు పంతొమ్మిదేళ్ళు. చిన్ననాటి జబ్బు వల్ల బడి మొహం చూడలేదు గానీ, తాతయ్య ఇంట్లోనే ఇసక పళ్ళెంలో అక్షరాలు దిద్దించి చదవడం నేర్పాడు. ఆ పుణ్యాత్ముణ్ణి తలచుకోకుండా ఇవాళ్టికీ దీపం వెలిగించను. మిరపకాయల కాలంలో ముచ్చికలు తీయడానికి మా వసారాలోకి పదిమంది ఆడవాళ్ళు కూలికొచ్చేవాళ్ళు, మధ్యాహ్నానికల్లా చేతులు మంటలెత్తేవి, తుమ్ములు ఆగేవి కావు. అప్పుడు బాబాయి గురజాల బస్టాండులో కొని తెచ్చే వారపత్రికలోంచి నేను సీరియల్ పైకి చదివేదాన్ని. కథ వింటుంటే మంట తెలియదనేవాళ్ళు, పనీ సాగుతుందని మా అమ్మ కాదనేది కాదు.

ఆ ఏడు వచ్చిన సీరియల్ కూడా రాబోయే కాలం కథే. చుట్టూ పెద్ద గోడ ఉన్న పట్నం, నీళ్ళు కొలిచి పోస్తారు, పద్నాలుగేళ్ళు రాగానే బతుకంతా ఏ పని చెయ్యాలో చీటీ రాసి చేతిలో పెడతారు. ఒక పిల్ల ఆ చీటీ తీసుకోనంటుంది, గోడ అవతల ఏముందో చూస్తానంటుంది. మొదటివారం చదవగానే కూలికొచ్చే ముసలమ్మ ఒకామె, "ఏంది రాబోయే కాలం? మా అత్త కాలం నుంచీ ఇదే గదా! మనకి చీటీ ఇయ్యరు, నోటితో చెబుతారు, అంతే తేడా" అంటే అందరూ తుమ్ముతూనే నవ్వారు.

నవ్వనిది పక్కింటి పిన్ని కూతురొక్కతే. పదిహేనేళ్ళది, ఐదుతో చదువు మానిపించారు, నా దగ్గర కూడబలుక్కుని చదవడం మళ్ళీ మొదలుపెట్టింది. నరసరావుపేటలో పెద్దపిల్లల చేత ఏడో తరగతి పరీక్ష రాయించే హాస్టలుందని ఎవరో చెప్పారు, అక్కడికి పోవాలని దాని ఆశ. వాళ్ళ నాయనేమో దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగుకి పోయే అన్నలిద్దరికీ వండిపెట్టడానికి పంపాలని చూస్తున్నాడు. "ఆ పిల్ల గోడ దాటిందనుకో అక్కా, నేనూ మా నాయనకి చెప్పేస్తా" అనేది. పిచ్చిది, సీరియల్ మీద బతుకంతా పందెం పెట్టుకుంది.

ఆఖరి వారం రాకముందే పిన్ని నన్ను పెరట్లోకి పిలిచింది. "ఏమే, నీ కథలు చానా దూరం పోతన్నయ్. రేపది ఇల్లు దాటితే మా ఆయనకి నీ పేరే చెబుతా" అంది.  ఆఖరి వారం కథలో పిల్ల గోడ దాటింది, అవతల ఏముందో తెలియకుండానే ఒంటరిగా నడిచిపోయింది. నేను మాత్రం, ఆ పిల్ల వాళ్ళమ్మ గుర్తొచ్చి ఏడ్చి వెనక్కి తిరిగిందని, చీటీ తీసుకుందని చదివాను.  ముసలమ్మ, "అంతేలే" అని ఇంకో గంప దగ్గరికి లాక్కుంది. నా పక్కనే ఆనుకుని కూర్చున్న పిన్ని కూతురు నా మొహం వంకే చూసింది. ఆ పత్రికని దేవుడి గూట్లో భక్తి పుస్తకాల కింద దాచాను. దాపరికానికి చోటు అక్కడా దొరికింది నాకు! అది పత్రిక అడగలేదు. వారం తిరక్కుండా దాచేపల్లి బస్సెక్కింది.

చానా ఏళ్ళకి, మా అమ్మ పోయినప్పుడు పరామర్శకొచ్చింది. అన్నలకి వండి, వాళ్ళ పిల్లల్ని సాకి, నాకంటే పెద్దదానిలా అయిపోయింది. పక్కన కూర్చుని మెల్లగా, "ఆ ఆఖరి వారం నువ్వు మార్చి చదివావని నాకు అప్పుడే తెలుసక్కా. పేజీ తిప్పకుండానే కథ అయిపోయింది" అంది. మరి అడగలేదేమే అన్నాను. "అడిగి ఏం జెయ్యను? పెరట్లో మా అమ్మ నిన్నన్న మాటలు నేనూ విన్నా. అంత చదువొచ్చిన నువ్వే మా అమ్మకి భయపడ్డావు. ఇంక నా ఎనకాల ఎవరున్నారని మా నాయన ముందు నిలబడేది?" అని, అందరి కాఫీ గ్లాసులూ ఏరుకుని కడగడానికి లేచింది. 

నా ఈడువాళ్ళు కలిసినప్పుడు, ఒకరు చదువుతుంటే పదిమంది వినే రోజులు పోయాయని బాధపడుతుంటారు. నేనూ తలూపుతాను. ఆ వసారా, ఆ తుమ్ములు, ఆ నవ్వులు నాకూ కావాలనిపిస్తాయి. కానీ ఇప్పటి పిల్లలు ఎవరి కథ వాళ్ళే చదువుకుంటున్నారు, మధ్యలో నాలాంటిది ఒకతి లేదు. అందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. పెట్టుకున్నాక కూడా మనసు తేలికపడదు.