జవాబు పేలని సాయంత్రం

లూసియానా అడుగున, మిసిసిపీ సముద్రంలో కలిసే చోట, నేల తక్కువా నీళ్ళెక్కువా అయిన మా చిత్తడిలో మొలేరో అన్నదమ్ములను ఎరగనివాళ్ళు లేరు. పెద్దవాడు టెలెస్ఫోరో, అందరికీ టెలో. చిన్నవాడు యూసేబియో, అందరికీ సేబియో. ఎన్నో తరాల కిందట స్పెయిన్ రాజు కానరీ దీవుల నుంచి తోలుకొచ్చి ఈ బురదలో పడేసిన మనుషుల సంతానం మేమంతా. రాజు పోయాడు, ఆయన భాష మా వంటిళ్ళలోనూ తిట్లలోనూ మిగిలింది.

టెలో ఆ తిట్లలో పండితుడు. ఎండాకాలం రొయ్యలు పట్టేవాడు, చలికాలం బాతులు కొట్టేవాడు, వయసులో ఉన్నప్పుడు తోళ్ళ కోసం నీటి ఎలుకలకు బోన్లు పెట్టేవాడు. ఈ మూడింటి మధ్యలో ఖాళీ దొరికితే ప్రభుత్వాన్ని తిట్టేవాడు. పెళ్ళాం పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఉన్నదల్లా తమ్ముడొక్కడే. ఇద్దరి ఇళ్ళ మధ్య రెండు మైళ్ళ రెల్లూ, నీళ్ళూ.

ఆ ఇద్దరికీ తండ్రి నేర్పిన పద్ధతి ఒకటుంది. మా దగ్గర పాత కుటుంబాలన్నిటికీ అది తెలుసు. పొద్దుగూకే వేళ ఒక తూటా పేలిస్తే "నేనున్నాను, నువ్వో?" అని అడిగినట్టు. అవతలివాడు ఒకటి పేలిస్తే "నేనూ ఉన్నాను, తిని పడుకో" అన్నట్టు. బోన్ల కోసం తలో దిక్కూ పోయిన మనుషులకు అంతకు మించిన కబురేముంటుంది? "జవాబు రాలేదా, ఇక కూర్చుని ఆలోచించకండ్రా, దోనె దింపండి" అనేవాడు తండ్రి. జవాబియ్యనివాడిని మా వాళ్ళు మనిషి కింద లెక్కెయ్యరు. దొంగనైనా పక్కన కూర్చోబెట్టుకుంటారు గానీ వాణ్ణి కూర్చోనివ్వరు.

ఫోన్లు వచ్చాక ఇదంతా ఆదివారం సరదా అయిపోయింది. సేబియో భార్య లూడివీనా నవ్వేది.

"ఇప్పుడేగా ఫోన్లో గంటసేపు వాగారు? మళ్ళీ ఈ ఢాం ఢాం ఎందుకయ్యా, బాతులు బెదిరి చావడానికా?"

"ఫోన్లో మా అన్న కోతలు కోస్తాడే. తుపాకీకి కోతలు రావు," అనేవాడు సేబియో.

కట్రీనా తుఫాను వస్తోందని, అందరూ ఊరు వదలమని రేడియోలో మొత్తుకున్నారు. టెలో రేడియోను తిట్టి కట్టేశాడు. "అన్నని వదిలి నేనెక్కడికి పోతాను" అని సేబియో ఆగిపోయాడు. "మొగుణ్ణి వదిలి నేనెక్కడికి పోతాను" అని లూడివీనా ఆగిపోయింది. మొండితనం అంటువ్యాధి, మా దగ్గర మరీను.

తుఫాను మా ఊరిని ఊడ్చి పారేసింది. టెలో ఇల్లు ఎత్తైన స్తంభాల మీదిది. అయినా కింద గదులు మునిగిపోయి, అటక మీది గదీ దాని కిటికీ మాత్రం మిగిలాయి. గాలి తగ్గిన సాయంత్రం అతను తండ్రి ఇచ్చిపోయిన రెండు గొట్టాల తుపాకీ పట్టుకుని కిటికీలో కూర్చున్నాడు. చుట్టూ గోధుమరంగు నీళ్ళు, వాటి మీద చెక్కలు, చచ్చిన పశువులు. దోనె కొట్టుకుపోయింది. ఫోను లేదు, కరెంటు లేదు, ఎక్కడా మోటారు చప్పుడు లేదు. ఆకాశం కేసి ఒకటి పేల్చాడు. ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. దూరంగా, గట్టు మీది తమ్ముడి ఇంటి వైపు నుంచి, ఢాం అని ఒకటి వినిపించింది. డెబ్బై దాటిన మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత చల్లటి బీన్స్ డబ్బా తెరిచి తిన్నాడు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రమూ అదే. ఒకరోజు ఇతను అడిగేవాడు, ఒకరోజు అతను. బతికున్నామన్న ఆ ఒక్క కబురు మీదే ఇద్దరు ముసలాళ్ళూ రోజులు నెట్టారు.

కానీ తుపాకీ మోత విన్నవాడు సేబియో ఒక్కడే కాదు. సాయానికని ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి పోలీసులు దిగారు. పడవల మీద ఎవడో కాల్పులు జరుపుతున్నాడని పుకారు. పౌరుల చేతుల్లో తుపాకీ కనిపిస్తే తీసేసుకోమని పైనుంచి హుకుం. ఆ హుకుం ఇచ్చినవాడెవడో గానీ, రెల్లు మధ్య ఒక్క రాత్రి గడిపిన పాపాన పోయి ఉండడు.

ఒక మధ్యాహ్నం వాళ్ళ పడవ టెలో కిటికీ కిందికొచ్చింది. అడుగున ఇద్దరు రోగులు మూలుగుతూ పడుకుని ఉన్నారు. ముందు నిలబడిన కుర్ర పోలీసు పైకి అరిచాడు.

"రోజూ సాయంత్రం కాలుస్తోంది ఎవరు?"

"నేనే బాబూ," అన్నాడు టెలో, గర్వంగా. అబద్ధమాడాలని తోచనేలేదు. మా చిత్తడిలో ఆ ప్రశ్న వేసినవాడు సాయానికే వచ్చి ఉంటాడు మరి.

"తుపాకీ కిందికి దించు పెద్దాయనా. మెల్లిగా."

టెలోకి విషయం అర్థమయ్యేసరికి తుపాకీ వాళ్ళ చేతిలో ఉంది. ముందు తిట్టాడు. తర్వాత బతిమాలాడు. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి.

"అది నా తమ్ముడి కోసమయ్యా! నేను పేల్చకపోతే వాడు నాకేదో అయ్యిందని ఈ నీళ్ళలో బయల్దేరతాడు. గుండె జబ్బు మనిషి. నీ చేత్తోనే పేల్చు సాయంత్రం, ఒక్కటంటే ఒక్కటి! పోనీ నన్ను ఎక్కించుకుపోయి వాడి దగ్గర దింపు."

"చోటు లేదు, కనిపిస్తోందిగా. నిన్ను తీసుకుపోవడానికి రేపు ఇంకో పడవొస్తుంది. తుపాకీ మాత్రం ఇవ్వలేను, ఆర్డరు."

"ఆర్డరు తగలెయ్య! నా ఇంట్లో నా తుపాకీ. నేనెవరిని చంపాను?"

కుర్రాడు తల దించుకున్నాడు. "మీ తమ్ముడి ఇల్లెక్కడ?"

టెలో చెయ్యి చాపి చూపించాడు. గట్టు మీద, ఎర్ర రేకుల ఇల్లు.

"మా దారిలోనే. నేను చెప్తాను. మాటిస్తున్నాను."

పడవ గట్టు వైపే పోవడం టెలో కళ్ళారా చూశాడు. కాస్త కుదుటపడ్డాడు.

పొద్దుగూకింది. తమ్ముడి వైపు నుంచి ఢాం అని ఒకటి. కబురు అందితే మళ్ళీ అడగడమెందుకు? కాసేపటికి ఇంకొకటి. టెలో సుత్తి తీసుకుని కిటికీ మీది రేకు కప్పును చేతులు బొబ్బలెక్కేలా బాదాడు. చొక్కా విప్పి ఊపాడు. "సేబియో, ఉన్నానురా! రాకురా!" అని గొంతు చీరుకుపోయేలా అరిచాడు. రెండు మైళ్ళ అవతలికి తుపాకీ వినిపిస్తుంది గానీ ముసలి గొంతు వినిపిస్తుందా? మూడోది పేలలేదు. ఆ నిశ్శబ్దానికి అర్థం టెలోకి ఎవరూ చెప్పక్కర్లేదు. తమ్ముడు దోనె దింపుతున్నాడు.

సేబియో రాలేదు. రొయ్యల పడవ మీద తిరుగుతున్న మా వాళ్ళకే మర్నాడు అతను దొరికాడు. మునిగిన పశువుల దొడ్డి ముళ్ళతీగలో దోనె బోర్లాపడి చిక్కుకుంది, మనిషి దాని కింద ఉన్నాడు.

టెలో ఆ కుర్ర పోలీసుని తిట్టని రోజు లేదు. "మాటిచ్చాడు, అబద్ధాలకోరు వెధవ" అని గోడలకు చెప్పుకునేవాడు. అంత్యక్రియల్లో లూడివీనా అతని వంక చూడలేదు. జనం చూశారు, ఆ చూపు చూడకుండా ఉంటేనే నయం. మొలేరో ఇంటి పెద్దకొడుకు జవాబియ్యలేదు. ఎందుకియ్యలేదని ఎవరూ అడగలేదు. టెలో కూడా ముందు మరదలికి చెప్పుకుందాం, తర్వాతే లోకానికి అనుకున్నాడు.

చలికాలంలో, ప్రభుత్వం ఇచ్చిన చక్రాల ట్రైలరు ఇంట్లో ఆమె ఉంటోందని తెలిసి వెళ్ళాడు. లూడివీనా తలుపు తీసింది. కూర్చోమనలేదు.

"ఆ రోజేం జరిగిందో చెప్పాలమ్మా," అన్నాడు.

"ముందు నేను చెప్తా, వినండి బావగారూ. అన్నకి ఆకలిగా ఉంటుందని నాచేత కాల్డో పులుసు గిన్నె కట్టించుకుని మరీ బయల్దేరాడు. 'తూటాలు అయిపోయుంటాయిలే, పొద్దున వెళ్ళు' అన్నాను. 'మా అన్న దగ్గర తూటాలైపోవడం నువ్వెప్పుడన్నా చూశావా?' అని నవ్వాడు." ఆమె కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. "అసలు ఆ మధ్యాహ్నమే మా తుపాకీ పోయేది. పోలీసు పడవొకటి వచ్చింది. తుపాకులు లాక్కుపోతున్నారని విన్నాంగా? కిటికీ తలుపులు మూసేసి కిక్కురుమనకుండా కూర్చున్నాం. ఒక కుర్రాడు తలుపు బాదీ బాదీ, పడవ మోటారు హోరులో ఏదో అరిచీ అరిచీ చంపాడు. సేబియో లేవబోతే నేనే నోరు నొక్కి కూర్చోబెట్టాను. 'అది పోతే మీ అన్నకి జవాబెలా ఇస్తావు?' అన్నాను. ఎందుకొచ్చారో, అంతసేపు ఎందుకు బాదారో నాకిప్పటికీ తెలీదు. కాపాడాను కదా అని సంబరపడ్డాను. దేనికి కాపాడాను? మీరు పలకనిదానికి!"

కుర్రాడు మాట నిలబెట్టుకున్నాడు. కబురు తలుపు దాకా వచ్చి నిలబడింది. దాన్ని లోపలికి రానివ్వనిది ఈ ఇల్లాలి చెయ్యి.

తుపాకీ పోలీసులు పట్టుకుపోయారని ఒక్క మాట అంటే చాలు. లూడివీనా తెలివితక్కువది కాదు. అదే మధ్యాహ్నం, అదే పడవ. టెలో కబురు పంపకుండా ఉంటాడా అని మిగతాదంతా తనే అల్లుకుంటుంది. ఆ తర్వాత ఆ చెయ్యి చూసుకుంటూ ఎన్నాళ్ళు బతుకుతుంది?

"ఇప్పుడు చెప్పండి. ఎందుకు పలకలేదు?"

టెలో టోపీ చేతుల్లో నలుపుకున్నాడు. "తాగి పడుకున్నానమ్మా."

ఆమె తలుపు వేసేసింది.

ఆ మాట వారం తిరక్కుండా ఊరంతా పాకింది. నమ్మడానికి ఎవరూ కష్టపడలేదు. రొయ్యల రేవులో అతను కూర్చున్న బల్ల మీంచి మనుషులు లేచి పోయేవారు. ఒకప్పుడు ఎదుటివాడి ఏడు తరాలనూ తిట్టిపోసే మనిషి, ఇప్పుడు గ్లాసు ముగించుకుని లేచిపోయేవాడు.

కొన్నాళ్ళకు తుపాకీ హక్కుల సంఘం తరఫున ఒక లాయరమ్మ వచ్చింది. చర్చి హాల్లో అందరినీ కూర్చోబెట్టింది. ఇంట్లో ఉన్న మనిషి తుపాకీ లాక్కోవడం అన్యాయమని, కోర్టు తిరిగి ఇప్పిస్తుందని, సాక్ష్యం చెప్పేవాళ్ళు కావాలని అంది. చేతులు లేచాయి. ఒకడి తాత తుపాకీ, ఒకడి రైఫిలు. అందరూ ఒకేసారి మాట్లాడారు, అందరికీ కోపమే, అందరిదీ న్యాయమే. లాయరమ్మ వెనక వరసలో ఒంటరిగా కూర్చున్న టెలోని చూసింది.

"తుఫానప్పుడు మీరు ఊరు వదలకుండా ఇక్కడే ఉన్నారటగా పెద్దాయనా? మీ తుపాకీ తీసుకోలేదా?"

ముందు వరసలో లూడివీనా వెనక్కి తిరిగింది. అంత్యక్రియల తర్వాత ఆమె అతని మొహంలోకి సూటిగా చూడటం ఇది రెండోసారి. టెలో తుపాకీ కర్ర మీద తండ్రి చేత్తో చెక్కిన పేరుంది. ఏ గోదాములోనో తుప్పు పడుతూ ఉంది. అడిగితే వచ్చేస్తుంది.

"లేదమ్మా," అన్నాడు టెలో. "నా జోలికి ఎవరూ రాలేదు. నా తుపాకీ ఆ రోజు నా చేతికిందే ఉంది."

"చేతికింద ఉండి కూడా," అంది లూడివీనా.

"అవునమ్మా," అన్నాడు టెలో.