కుళాయి దగ్గర వరసల బోర్డు

కుదరబోయే పెళ్లిని చెడగొట్టుకోవడానికి మగవాళ్లకి చాలా దారులున్నాయి. కొందరు తాగుతారు, కొందరు పేకాడతారు. నేను కన్ఫ్యూషియస్‌ని చదివాను. ఆ ఉపద్రవం ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను, నవ్వుకోవడం మీ ఇష్టం.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. అండమాన్ దీవుల్లో, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆఫీసులో గుమస్తాని, ఉండేది బతు బస్తీలో. మా పెద్దవాళ్లంతా స్వాతంత్ర్యం వచ్చిన కొన్నాళ్లకి శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి, ఇక్కడ వలలు వేసుకుని స్థిరపడ్డారు. నేను ఇక్కడే పుట్టాను. నా ఈడు వాళ్లలో తెలుగు గడగడా చదవగలిగింది నేనొక్కణ్ణే కాబట్టి, లోకాన్ని బాగుచేసే బాధ్యత నా మీదే ఉందని అనుకునేవాణ్ణి.

గోల్ ఘర్‌లో పాత సామాన్ల కొట్లో నాకొక అట్ట ఊడిన తెలుగు పుస్తకం దొరికింది. చైనా తత్వవేత్తల గురించి. మొదటి అధ్యాయం కన్ఫ్యూషియస్. తండ్రి తండ్రిలా ఉండాలి, కొడుకు కొడుకులా ఉండాలి, ఎవరిని ఏమని పిలవాలో అలాగే పిలవాలి. అప్పుడు ఇల్లు చక్కబడుతుంది, ఇళ్లు చక్కబడితే రాజ్యం చక్కబడుతుంది. పాలించేవాడు ముందు తాను ఆచరించి చూపాలి. ఇదీ సారాంశం. రెండో అధ్యాయం ఇంకో చైనా పెద్దాయన గురించి. మంచి పాలకుడు దేన్నీ కదపకుండా ఊరుకుంటాడని ఆయన మతం. అది నేను చదవలేదు. మొదటి అధ్యాయం అవగానే పుస్తకం మూసి, రాజ్యం కోసం వెతకడం మొదలుపెట్టాను.

అది మా వీధి కుళాయి దగ్గర దొరికింది. నీళ్లు పొద్దున గంటసేపు వచ్చేవి, ఆ గంటా తగువులే. అక్కడ అందరూ అందరికీ భయ్యాలు, దీదీలు. అరవై ఏళ్ల ముసలాయన భయ్యా, ఆయన మనవడూ భయ్యాయే. ఎవరు పెద్దో ఎవరు చిన్నో తేలక బిందెలు గుద్దుకునేవి. మా వాళ్లు ద్వీపానికి వచ్చి తెలుగు వరసలు మరిచిపోయారు, అందుకే ఈ అరాచకం అని నేను తేల్చేశాను.

ఈ మాట సూరయ్యకి చెప్పాను. రెండు పడవలున్న మనిషి, బస్తీకి పెద్ద. ఆయన కూతురు సత్యవతిని నాకివ్వాలని రెండిళ్లలోనూ మాట నడుస్తోంది, తాంబూలాలు మాత్రం పుచ్చుకోలేదు. సత్యవతి బిందె నిండేదాకా నాకు కుళాయి దగ్గర ఏదో ఒక పని ఉండేది. ఆమెంటే నాకు చాలా ఇష్టం. ఇది మీరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అప్పుడు నేను మరిచిపోయాను.

"మావా, వరసలన్నీ బోర్డు మీద రాసి కుళాయి దగ్గర కట్టేద్దాం. పెద్ద వరసవాళ్లు ముందు నీళ్లు పట్టుకుంటారు," అన్నాను.

"ఎవలకెవలు ఏటవుతారో ఇప్పుడెవలకి గుర్తుంది భయ్యా?"

"నూకమ్మ మామ్మకి గుర్తుంది కదా."

నూకమ్మ మామ్మ మొదటి ఓడలో వచ్చిన మనిషి. వెళ్లేసరికి వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. విషయం చెబితే తలెత్తకుండానే, "ఛోడో బాబూ. ఆ లెక్కలు ఓడలోనే ఒగ్గీసి దిగినాం," అంది.

"ధర్మాన్ని అలా ఒగ్గేస్తే ఎలా మామ్మా?"

"నీ వరసలు కూడా సెప్పీమంటావేటి?"

"పాలించేవాడే ముందు ఆచరించాలి. నావి అస్సలు దాచొద్దు."

మామ్మ నన్ను కాసేపు ఎగాదిగా చూసింది. "ఠీక్ హై. అడిగినోడివి నువ్వే, గుర్తెట్టుకో," అంది.

ఆదివారం పొద్దున ప్లైవుడ్ ముక్కని కుళాయి దగ్గర కట్టి, రంగు డబ్బా, కుంచె పట్టుకుని నిలబడ్డాను. మామ్మ చెబుతుంటే బోర్డు మీద రాస్తూ పైకి చదివాను. నలభై అయిదేళ్ల పోలయ్యకి పంతొమ్మిదేళ్ల అప్పారావు చిన్నాన్న అని తేలింది. అప్పారావు వెంటనే తన బిందె పోలయ్య చేతిలో పెట్టాడు.

"ఇదేటి?" అన్నాడు పోలయ్య.

"సిన్నాన్నకి నీళ్లు పట్టవేటిరా?"

రాజ్యం చక్కబడుతోందని నేను సంతోషించాను.

తర్వాత నా వంతు. "ఈడి నాన్నమ్మా, సూరయ్య తల్లీ అక్కసెల్లెళ్ల వరస. ఆళ్ల తాతలు అన్నదమ్ములు. అంటే సూరయ్య ఈడికి సిన్నాన్న," అంది మామ్మ.

రాసుకుపోతున్న ఊపులో అదీ రాసేశాను. రాశాక చెయ్యి ఆగిపోయింది. చిన్నాన్న కూతురు ఏమవుతుందో చెప్పడానికి చైనా నుంచి ఎవరూ రానక్కర్లేదు. సత్యవతి బిందె చంకనేసుకుని నేరుగా నా ముందుకొచ్చింది.

"జరుగు అన్నయ్యా, నీళ్లు పట్టుకోవాలి," అంది.

వారం తిరక్కుండా షాదీపూర్ నుంచి సత్యవతికి సంబంధం వచ్చింది. శుక్రవారం సాయంత్రం సూరయ్య మా ఇంటికొచ్చి, "ఎల్లుండి ఆదివారం పిల్లని సూసుకోడానికొస్తన్నారు. రేపు నువ్వోసారి ఎల్లి కుర్రోణ్ణి సూసిరా. అన్నవి కదా," అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

వెళ్లాను. వాడు తాగుబోతో, తిరుగుబోతో అయి ఉండాలని దారంతా కోరుకున్నాను. అతను కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు, బిస్కెట్లు పెట్టాడు, మీ చెల్లెల్ని కష్టపెట్టనని మాటిచ్చాడు. అంత మంచివాణ్ణి నేను అంతవరకూ చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా అతన్ని తిట్టుకున్నాను.

నేరుగా మామ్మ వాకిట్లోకి వెళ్లి కూలబడ్డాను. "లెక్క ఎక్కడైనా తప్పిందేమో చూడు మామ్మా. నాకు సత్యవతే కావాలి."

"లెక్క తప్పలేదు, నువ్వు అడగడమే తప్పు. రేపు పొద్దున్న కుళాయి కాడికి మీ అమ్మానాన్నల్ని తోలుకురా," అంది.

తెల్లవారి అందరూ చేరారు. పోలయ్య రెండు బిందెలు మోస్తున్నాడు, రెండోది చిన్నాన్నది. మామ్మ బోర్డు వైపు చెయ్యి చూపించి, "ఇంకా రాసీది మిగిలిపోనాది. రాయి," అంది. "ఈడి తల్లి, ఈడి నాన్నమ్మకి సెల్లెలి వరస. అంటే ఈడి నాన్నకి పిన్ని."

మా అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా నాన్న సముద్రం వైపు చూశాడు.

"మరి పిన్ని కొడుకు ఏటవుతాడు? రాయి బాబూ."

నేను కుంచెని రంగులో ముంచుతూనే ఉన్నాను.

"తమ్ముడు," అన్నాడు పోలయ్య, ఎంతో తృప్తిగా.

తండ్రి తండ్రిలా, కొడుకు కొడుకులా ఉండాలని బయలుదేరినవాణ్ణి, మా నాన్నకి తమ్ముణ్ణయి కూర్చున్నాను.

"ఆ లెక్కన సూరయ్యకీ తమ్ముడే. సత్యవతికి అటునుంచి అన్న, ఇటునుంచి సిన్నాన్న," అంది మామ్మ. "ఓడలో వచ్చినోళ్లందరం ఒకలికొకలు ఏదోటి అవుతాం. వరసలు సూసుకుంటే ఈ బస్తీలో ఒక్క పెళ్లయినా అయ్యేదేటి? అందుకే ఇంటిపేరు ఒకటి కాకపోతే సాలనుకున్నాం, అందర్నీ భయ్యా, దీదీ అనుకున్నాం. మాకు వరసలు తెలీక కాదు బాబూ, తెలిసే."

నేను మతిమరుపు అనుకున్నది, వాళ్లంతా కూర్చుని ఆలోచించి ఏర్పాటు చేసుకున్న ధర్మం. నాకు నిజంగా సిగ్గేసింది. తలెత్తి ఎవరి ముఖమూ చూడలేకపోయాను.

మా నాన్న తక్కువ మాట్లాడే మనిషి. నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్ముడూ, ఆ బోర్డు పీకెయ్," అన్నాడు.

షాదీపూర్‌కి క్షమాపణ కబురు సూరయ్యే పంపాడు. నాకు టీ ఇచ్చిన ఆ మంచివాడు కోపం పెట్టుకోకుండా మా పెళ్లికి వచ్చి, పందిట్లో కుర్చీలు కూడా వేశాడు. సత్యవతి మాత్రం ఒప్పుకునే ముందు ఆ పుస్తకం తన చేతికివ్వాలని షరతు పెట్టింది. రెండో అధ్యాయం కూడబలుక్కుంటూ చదివి, "ఇది ముందు సదివుంటే సరిపోయేది," అంది. ప్లైవుడ్ ముక్క ఇప్పుడు మా నీళ్ల డ్రమ్ము మీద మూతగా ఉంది, అక్షరాలు లోపలివైపుకి.

ఇన్నేళ్లయినా మా ఆవిడకి కోపం వస్తే నన్ను అన్నయ్యా అంటుంది. మరీ కోపం వస్తే చిన్నాన్నా అంటుంది. అందుచేత ఆ కుళాయి సాక్షిగా, దాన్లో వచ్చే ఆ గంటసేపు నీళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బొందిలో ప్రాణం ఉండగా ఏ మనిషినీ నువ్వు నాకేమవుతావని అడగను. మీరెప్పుడైనా బతు బస్తీ వైపు వస్తే, దయచేసి నన్ను భయ్యా అనే పిలవండి.