పేరు చెరిపేసిన పెట్టె

నిన్న సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి మిద్దె మీదికి వెళ్తుంటే నల్లరంగు వాసన తగిలి నా కాళ్ళు మెట్ల మీదే ఆగిపోయాయి. సెలవు మీద వచ్చాడనుకున్న మా ఆయన, తన ఇనపపెట్టె మూత మీది పేరునూ, నంబరునూ, పటాలం గుర్తునూ బ్రష్షుతో మూసేస్తున్నాడు. నన్ను చూసి, పటాలంలో మనుషుల్ని తగ్గిస్తున్నారు, ముందే వచ్చేసేవాళ్ళకు ఇచ్చేవన్నీ ఇస్తారులే, అమ్మకు మాత్రం సెలవు పెంచారని చెబుదాం అన్నాడు.

ఆ వాసన నాకు కొత్త కాదు.

వడమాలపేటలో నా చిన్నతనమంతా నాయన సెలవుల చుట్టూ తిరిగింది. బండ్లు పోలేని మంచుకొండల్లో కంచరగాడిదల మీద బియ్యమూ తూటాలూ ఎక్కించి పైకి తోలడం పటాలంలో ఆయన పని. ఏటా గంగజాతరకు వచ్చేవాడు. వేపాకు మండలూ, కుండల్లో పులిసిన రాగి అంబలీ, ఎండకు కాగిన వీధి మట్టీ ఒకవైపు, ఆయన పెట్టె తెరవగానే లేచే క్యాంటీన్ సబ్బు, బూటుపాలిష్, కలరా ఉండల వాసన ఇంకోవైపు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ ఆయనదే. అవ్వ సంగటి ముద్దకు గుంట చేసి నాటుకోడి పులుసు పోసి, తొడముక్కా కార్జమూ ఏరి కొడుక్కే వేసేది. నేనూ తమ్ముడూ వీపెక్కితే గాడిదలను పిలిచే ఈల వేస్తూ వీధి చివరిదాకా మోసేవాడు.

ఒక ఏడు పెట్టె మీద పేరు లేదు, ముట్టుకుంటే రంగు వేలికంటింది. కొండల్లోకి రోడ్లు పడ్డాయట, పటాలాన్ని తగ్గిస్తున్నారట, ముందే ఇంటికి పోతామన్నవాళ్ళకు పింఛనుతో పాటు అదనంగా కొంత ఇస్తారట. నాయన సంతకం పెట్టేశాడు. ఎవరడిగినా సెలవు పొడిగించారని చెప్పమంది అమ్మ. చెప్పాం. జాతర అయిపోయింది, మామిడికాయలు పండ్లయ్యాయి, వానలు కూడా వచ్చాయి. మీ నాయనకు దోవ మర్చిపోయిందా అని అంగడి దగ్గర ఆడవాళ్ళు నవ్వేవారు. తొడముక్క ముందు మాతోనే ఉండే చిన్నాయన గిన్నెలోకి మారింది. తర్వాత కుర్చీ. లెమ్మని ఎవరూ అనలేదు, స్నానం చేసి వచ్చేసరికి అందులో చిన్నాయన కూర్చుని ఉంటే, నాయన గోడవారన చతికిలబడ్డాడు.

నిజం బయటపడ్డాక, వచ్చిన ఆ అదనపు డబ్బుతో చేనికాడ బోరు వేద్దామన్నాడు చిన్నాయన. రాతిపిండి లేచి నాయన తలంతా తెల్లబడిందే కానీ చుక్క నీరు పడలేదు. ఆ మధ్యాహ్నం అవ్వ సంగటి వడ్డిస్తూ, గొంతు పెంచకుండానే అంది.

"ఆ కొండల్లోనే పోయింటే ఊర్లో నీ పేరన్నా ఉండేది గదరా. పిలకాయలకు ఉద్యోగమన్నా వచ్చేది."

చిన్నాయన నవ్వాడు. నాయన నోట్లో ముద్ద మింగి, "ఇంకొంచెం పులుసు పొయ్ మా" అన్నాడు.

ఆ వారంలోనే ఏర్పేడు దగ్గర ఒక కాలేజీ గేటు కాపలాకు కుదిరాడు. రోజూ బస్సులో వచ్చిపోయేంత దూరమే. రాలేదు. గేటు పక్క గదిలోనే పడుకున్నాడు. మళ్ళీ గంగజాతరకే, భుజాన ఆ పెట్టెతో, పెట్టెనిండా సబ్బులతో వచ్చాడు. చిన్నాయన కుర్చీలోంచి లేచాడు. అవ్వ తొడముక్క ఏరి వేస్తూ "ఎన్నాళ్ళప్పా సెలవు?" అని ముద్దుగా అడిగింది. ఆ తర్వాత నాయన మా ఇంటికి చుట్టంలాగే వచ్చి పోయాడు. చివరికి ప్రాణం పోయింది కూడా ఆ గేటు గదిలోనే.

ఇప్పుడు అవ్వ లేదు, బోరు గుంత మీద బండ కప్పారు, జాతర అంబలి ప్లాస్టిక్ గ్లాసుల్లో పోస్తున్నారు. నాయన ఈల నా చెవుల్లో ఉంది కానీ, పిల్లల కోసం వేయబోతే నా నోట పలకదు. నిన్న రాత్రి మా అత్త కూడా కోడికూర వండి తొడముక్క కొడుక్కే ఏరి వేసింది. మా పిల్లలిద్దరికీ మెడముక్కలు మిగిలాయి.

ఈ పొద్దున జడ వేయించుకుంటూ మా పెద్దది, వాళ్ళ నాయన మళ్ళీ ఎప్పుడు పోతాడని అడిగింది. మా ఆయన గడప దగ్గరే నిలబడి వద్దన్నట్టు తల ఊపుతున్నాడు. నేను వంటింట్లో ఉన్న అత్తకు కూడా వినబడేటట్టు చెప్పాను.

"పోడు. పటాలంలో మనుషులు ఎక్కువైనారని ఇంటికి పంపించేసినారు. ఎవురడిగినా ఇట్లే చెప్పండి. ఇంకమీద తొడముక్కలు మీ ఇద్దరికే. మీ నాయన ఈ ఇంటికి చుట్టం కాదు."