జేజినాయన చిటికెనవేలు

నా చిన్నప్పుడు ఓ పదిరోజుల పాటు నిద్ర లేస్తూనే మా జేజినాయన చేతికట్టు దగ్గరికి పరుగెత్తేదాన్ని, వేలు మొలిచిందేమో చూద్దామని. జేజినాయనంటే మా నాన్నకు నాన్న. ఆత్మకూరు పక్క పల్లెలో మాది కొద్దిపాటి మెట్టసేద్యం, పాడికి రెండు ఎనుములు. జొన్నచొప్ప కత్తిరించే మిషన్లో ఆయన చొప్ప సర్దుతుండగా, చెప్పకముందే నేను చక్రం తిప్పాను. ఎడమచేతి చిటికెనవేలు సగానికి పోయింది. చక్రం దానంతటదే తిరిగిందని ఆయన ఇంట్లో అందరికీ చెప్పాడు. నేను నోరు విప్పలేదు.

అప్పటికి నాకు ఏడేళ్లు. మా గోడమీది బల్లికి తెగిన తోక మళ్లీ రావడం కళ్లారా చూసినదాన్ని. వేలూ అట్లాగే వస్తుందని, దాంతో నా తప్పు మాసిపోతుందని గట్టిగా నమ్మాను.

కర్నూలు కాలేజీలో జంతుశాస్త్రం చదివే మా మేనత్త ఆ శనివారం ఇంటికొచ్చింది. వేలు ఎప్పుడొస్తుందని ఆమెను అడిగాను. నవ్వలేదు. మరునాడు ఆరాధన ముగిశాక నన్ను చర్చిలోనే కూర్చోబెట్టి, కీర్తనల పుస్తకం నా ఒళ్లో పెట్టింది.

"దీంట్లో వందల పాటలుండాయి. ఈ పొద్దు నాలుగే పాడినాం. ఏవి పాడల్లనో ఎవురు చెప్పినారు?"

"అయ్యగారు."

"ఆయనొక్కడే కాదు పాపా. సంఘపెద్ద, పాటలు నేర్పే అమ్మ, అయ్యగారు, అందరూ కూడి మాట్లాడుకుంటేనే."

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఇలాంటి పూర్తి పుస్తకం ఉంటుందని, అందులోని పాటల్లాంటివే జన్యువులని, ఏది తెరవాలో ఏది మూసిపెట్టాలో ప్రొటీన్లు గుంపులుగా కూడి తేలుస్తాయని అత్త నిదానంగా చెప్పింది. కంట్లో కంటివి, చర్మంలో చర్మానివి తెరుచుకుంటాయి. వేళ్లను చేసినవి అమ్మ కడుపులోనే పని ముగించుకుని మూసుకుంటాయి. తోక తెగిన బల్లిలో మాత్రం ఆ గుంపులు మూసిన పేజీలను మళ్లీ తెరుస్తాయట.

"అయితే జేజినాయనకూ తెరవమని చెప్పు."

"ఎట్ల తెరవల్లనో నాకు తెలీదు పాపా. మా సార్లకూ తెలీదు." ఆ మాట చెప్తూ అత్త నా చెయ్యి పట్టుకుంది.

నాకు ఏడుపు ఆగలేదు. చక్రం తిప్పింది నేనేనని చెప్పేశాను. గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్న జేజినాయన విని వెనక్కి వచ్చాడు. బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు.

"నాకు తెల్దా అమ్మీ? చిన్నబిడ్డను చక్రం కాడ నిలబెట్టింది నేను. తప్పు నాది."

కట్టు అంచు పైకెత్తి చూపించాడు. వేలు రాలేదు. గాయం చుట్టూ కొత్త చర్మం లేతగా, పలచగా అల్లుకుంటోంది.

"సూడు," అంది అత్త, "ఈ చర్మం పాట మాత్రం ఒళ్లు ఇంకా పాడ్తానే ఉండాది."

జేజినాయన ఆ సగం వేలితోనే ఇంకా శానా ఏళ్లు సేద్యం చేశాడు.

మొన్న రాయచోటిలో, నా కొడుకు ఆస్పత్రిలో ఉండగా, మా మనవరాలు, "అవ్వా, నాయన ఆస్పత్రి నుంచి ఎప్పుడొస్తాడు?" అని అడిగింది. రేపే అనే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. దాని చెయ్యి పట్టుకుని "నాకు తెలీదమ్మా" అన్నాను. ఇద్దరం మెల్లగా గేటు దాకా నడిచి, రోడ్డు వైపు చూస్తూ శానాసేపు నిలబడ్డాం.