చూశావా, అనుకున్నావా?

బందరులో చక్కగా నడుస్తున్న కొట్టును తమ్ముడికి వదిలేసి పరిశోధనకు వెళ్లిన మొనగాణ్ణి నేను. ఆ బేరం నాచేత చేయించింది పెడన నుంచి మా కొట్టుకు, గుడ్డకు రంగు పట్టించే పటిక కోసం వచ్చే కలంకారీ అద్దకం ఆవిడ.

ఒకరోజు రెండు గుడ్డముక్కలు బల్ల మీద పరిచింది. ఒకటి ఎర్రగా మెరుస్తోంది, రెండోది నల్లబారింది.

“రెండిటికీ మీ పటికే వేశాను, ఎర్రదానికి పాత బస్తాది, నల్లదానికి కొత్త బస్తాది. ఎందుకిలా వచ్చింది బాబూ?”

“నీళ్ల తేడా అండీ,” అన్నాను, సరుకు మీదికి మాట రాకుండా.

“చూశావా, అనుకున్నావా?”

ఎవరేం చెప్పినా ఆవిడ అడిగేది అదే.

మర్నాడే పాత బస్తా పటిక, అదే ఎర్రరంగు వేసి, రెండు బావుల నీళ్లతో గుడ్డలు ఉడికించాను. రెండూ ఒకే ఎరుపు. ఇక కొట్టులో కుదురుగా కూర్చోలేకపోయాను.

ఆ కొత్త బస్తా పటిక కాస్త దాచుకుని, ఏళ్ల తర్వాత ల్యాబులో చూశాను. ఎరుపును నల్లగా మార్చే ఇనుము మా సరుకులోనే ఉంది.

తేలిన లెక్క ఇదీ: పరిశోధకుణ్ణయ్యాను గానీ, ఆ మాట ఆవిడకు చెప్పాల్సి వచ్చేసరికి ఇంకా సరుకు మీదికి మాట రానివ్వని కొట్టువాణ్ణే.