వాన పడ్డ రోజు రీడింగ్

ఇవాళ పొద్దున కరెంటు పోయి వచ్చింది. రాగానే మా అపార్ట్‌మెంటు కింద బోరు మోటారు గుర్రుమని లేచింది. వంటింట్లో ట్యూబులైటు ఒక్క క్షణం నీరసపడి మళ్లీ తేరుకుంది. పొయ్యి మీద పాలు పెట్టి ఆ లైటు వంకే చూస్తూ నవ్వుకుంటున్నాను. పాలు పొంగి స్టవ్వంతా పారాయి. మా ఆయన పరుగెత్తుకొచ్చి ఏమైందంటే, "అనసూయ మేడమ్ గుర్తొచ్చారు" అన్నాను. ఆయనకిది కొత్తేమీ కాదు. గుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెట్టాడు.

అనసూయ మేడమ్ మాకు వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు ఫిజిక్సు చెప్పారు. సొంతూరు మానవపాడు. కొన్నేళ్లు ఏదో పెద్ద ప్రయోగశాలలో పనిచేసి, అక్కడ విసుగొచ్చి, పాఠాలు చెప్పుకుందామని మా కాలేజీకి వచ్చారట. పొట్టి మనిషి. హ్యాండుబ్యాగులో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. ఆమె నవ్వితే ఆఫీసు గది దాకా వినబడేది. ప్రిన్సిపాలుతో ఎట్లా మాట్లాడేవారో మాతోనూ అట్లాగే మాట్లాడేవారు. మేము జవాబు పెద్దగా సాగదీస్తే చెయ్యెత్తి "సాకు, సాకు" అనేవారు. కన్నడంలో చాలు అని. గద్వాల దాటితే ఆ మాట గాలికే వస్తుందనుకుంటాను.

ఆమె మా ల్యాబులో ఒక డబ్బా తయారు చేయించారు. ఆకాశం నుంచి మ్యూయాన్లనే కణాలు ఎప్పుడూ రాలుతూనే ఉంటాయి. డబ్బాలో ఉన్న ప్లాస్టిక్ పలక గుండా ఒక కణం పోయినప్పుడు చిన్న మెరుపు పుడుతుంది. ఒక గొట్టం ఆ మెరుపును కరెంటుగా మార్చి పెద్దది చేస్తుంది. చివరికి ఒక అంకె కంప్యూటర్లో పడుతుంది. నాకూ, నా స్నేహితురాలు నస్రీన్‌కూ ఇచ్చిన పనేమిటంటే, ఇదంతా కంప్యూటర్లోనే ఉత్తుత్తిగా జరిగేలా ప్రోగ్రాం రాయడం. కణం ఎంత శక్తి వదిలిందో లెక్క కట్టడం సులువే. ఆ శక్తికి మన డబ్బా ఏ అంకె రాస్తుందో చెప్పడమే అసలు పని. దాన్ని డిజిటైజేషన్ అంటారు.

"మార్కెట్ యార్డుల కాంటా చూసినవా?" అని అడిగారు మేడమ్ మొదటి రోజు. "బస్తా బరువు బస్తాదే. కాంటా చూపించేది కాంటా చూపిస్తది. ఉత్తగున్నప్పుడే ముల్లు జర పక్కకుంటది, దుమ్ము పడితే గుంజుతది. నువ్వు రాయాల్సింది బస్తా గురించి గాదు పిల్లా, కాంటా గురించి." అందుకే ఏ పరికరమైనా ముందు ఖాళీగా పెట్టి ఏం చూపిస్తుందో చూడనిదే ఆమె ప్రయోగం మొదలుపెట్టనిచ్చేవారు కాదు.

రాశాను. మహా గర్వంగా రాశాను. ఏ అంకె ఎన్నిసార్లు పడిందో నా ప్రోగ్రాం గీసిన బొమ్మలో ఒకే ఒక్క గుట్ట, నున్నగా, మా ఘణపూర్ ఖిల్లా గుట్ట కంటే అందంగా వచ్చింది. డబ్బా గీసిన బొమ్మలో ఆ గుట్టకు ఎడమ పక్కన, చిన్న అంకెల వైపు, ఇంకో చిన్న గుట్ట ఉంది. అదెందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని మేడమ్ ఎంతసేపు నవ్వారో!

"నీ ప్రోగ్రాం దేవలోకంల ఉంది పిల్లా. మన డబ్బా వనపర్తిల ఉంది."

నాకు ఒళ్లు మండింది. నవ్వడానికి ఆమెకేం? హైదరాబాదు నుంచి ఒక శాస్త్రవేత్త మా పని చూడటానికి వస్తున్నారు. నచ్చితే వాళ్ల సంస్థలో ఒకరికి ప్రాజెక్టులో చోటిస్తారు. నస్రీన్‌కు అప్పటికే వేరే ఊళ్లో సీటు ఖాయమైంది కాబట్టి ఆ చోటు కోసం ఆశపడేది నేనొక్కదాన్నే. అది రాకపోతే గద్వాలలో బి.ఎడ్. చేరాలని ఇంట్లో తేల్చేశారు. బి.ఎడ్. చెడ్డదని కాదు. నాకు ఈ పిచ్చి పట్టుకుంది, ఇది తప్ప ఇంకేదీ వద్దనిపించేది. ఆ చిన్న గుట్ట నా బతుక్కి అడ్డం కూర్చున్నట్టుండేది.

నస్రీన్‌ది చల్లని స్వభావం. "గా చిన్న గుట్టను తీసేద్దాం మేడమ్. గలీజు డేటా అని రాస్తే అయిపాయె" అంది.

"తీసేయ్. తీసేసినంక మిగిలేది ఎవరి డబ్బా?" అన్నారు మేడమ్, పల్లీల పొట్టు ఊదుతూ. "మనదైతే గాదు."

"మరి ఏంది మేడమ్ అది? మీకు తెలిస్తే చెప్పొచ్చు గద!" అని అరిచినంత పని చేశాను.

"నాకూ తెల్వదు. తెలిస్తే గింత మజా ఎక్కడిది?" అన్నారు. ఆ మాట నిజమో, నన్ను ఏడిపించడానికో నాకిప్పటికీ తెలియదు. ఆ వారమంతా నేను ఆమెతో ముభావంగా ఉన్నాను. ఆమె మాత్రం రోజూ నా బెంచీ మీద గుప్పెడు పల్లీలు పెట్టి పోయేవారు. కోపంగానే తినేదాన్ని.

ఒక రోజు పొద్దున డబ్బా ముందు కూర్చుని, తెరమీద ఒక్కో అంకె పడుతుంటే చూస్తున్నాను. కరెంటు పోయి డబ్బా ఆగింది; కంప్యూటరు మాత్రం యూపీఎస్ మీద నడుస్తోంది. కాసేపటికి కరెంటు వచ్చింది. పైన ఫ్యాను ఎంతకీ ఊపందుకోవడం లేదు, ట్యూబులైటు కొట్టుకుంటోంది. కాలేజీ గోడ అవతల అన్నీ పల్లీ చేలు. అక్కడి నుంచి ఒక్కసారిగా బోర్లన్నీ లేచిన చప్పుడు వచ్చింది. తెరమీద కొత్త అంకెలు వరసగా ఎడమ పక్కకే పడుతున్నాయి.

చటుక్కున లేచాను. మా నాన్న కూడా అందరిలాగే మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టించాడు. కరెంటు ఎప్పుడొస్తుందోనని చేను దగ్గర కాపలా ఉండే పని లేకుండా, రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది. ఒక్కటి లేస్తే ఫర్వాలేదు. ఊరుకు ఊరంతా ఒకేసారి లేస్తే వోల్టేజీ ఏమవుతుంది? మెరుపును పెద్దది చేసే మా గొట్టానికి ఆ కాసేపు బలం చాలదు. అదే కణం, అదే మెరుపు, కానీ చిన్న అంకె.

స్టాఫ్ రూములోకి చెప్పులైనా వేసుకోకుండా ఉరికాను. "మేడమ్! ఆటో స్టార్టర్లు!"

పక్కనున్న సార్లందరూ నాకు పిచ్చెక్కిందనుకున్నారు. మేడమ్ మాత్రం అంతా విని, చేతిలో పల్లీలు బల్లమీద పారేసి, కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వారు. "ఇగ పో. పోయి ప్రోగ్రాంల మోటర్లు పెట్టు."

స్టెబిలైజరు కొని పెడితే సరిపోతుంది గదా అన్నాను. "రేపటి నుంచి పెడ్తం. మరి మొన్నటి దాకా వచ్చిన డేటాకు ఇప్పుడు స్టెబిలైజర్ ఎట్ల పెడ్తవ్?" అన్నారు. డబ్బా ఎప్పుడాగి ఎప్పుడు మొదలైందో డేటాలోనే ఉంది. మొదలైన ప్రతిసారీ గొట్టం బలం కాసేపు తగ్గేలా ప్రోగ్రాంలో కొత్త భాగం రాసి, దానికి 'మోటర్' అని పేరు పెట్టాను. బొమ్మ గీయించాను. ఎడమ పక్కన చిన్న గుట్ట లేచింది. నస్రీన్ నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది.

శాస్త్రవేత్త వచ్చారు. నెమ్మదైన మనిషి. అంతా శ్రద్ధగా విన్నారు. 'మోటర్' అన్న పేరు చూసి చిన్నగా నవ్వారు కూడా. ఇక చోటు నాదే అనుకున్నాను. అప్పుడు అడిగారు: "బాగుందమ్మా. కానీ డబ్బా ఆగి మళ్లీ మొదలైనప్పుడు, దానంతట అదే కుదురుకోవడానికి కాస్త సమయం పట్టిందేమో? ఇది మోటర్ల పనేనని ఎట్లా చెప్పగలవు?"

సాయం కోసం పక్కకు చూశాను. నస్రీన్ నేలచూపులు చూస్తోంది. గద్వాల బి.ఎడ్. కాలేజీ గేటు నా కళ్లముందు తెరుచుకుంది.

వెనక నుంచి మేడమ్ గొంతు వినబడింది. "వాన పడ్డ రోజు రీడింగ్ చూసినవా పిల్లా?"

చూడలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. బయటి మనిషి ముందు ఇట్లా ఇరికిస్తారా అని ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కానీ కోపం సగంలో ఉండగానే ప్రశ్న బుర్రకెక్కింది. వాన పడితే కరెంటు ఇంకా ఎక్కువసార్లు పోతుంది, వస్తుంది. డబ్బా అన్నిసార్లూ ఆగి మొదలవుతుంది. కానీ నీళ్లు నిలిచిన చేలో మోటారు ఎవరు వేస్తారు? వాన రాగానే మా నాన్న చేసే మొదటి పని స్టార్టరు బందు పెట్టడం. తప్పు డబ్బాదైతే ఆ రోజుల్లో చిన్న గుట్ట మరీ పెరగాలి. మోటర్లదైతే అసలు ఉండకూడదు.

వాన ఎప్పుడు పడిందో నాకు బాగా గుర్తుంది. ముసురు పట్టి, హాస్టల్లో బట్టలు ఆరక, తడి చుడీదారే వేసుకుని తుమ్ముకుంటూ ల్యాబుకొచ్చిన రోజులవి. ఆ రోజుల డేటా తెరిచాను. బొమ్మ మెల్లగా గీసుకుంది.

ఒక్కటే గుట్ట.

"యా అల్లా!" అని నస్రీన్ కేక పెట్టింది. శాస్త్రవేత్త ముందుకు వంగి తెరను చూశారు. తర్వాత మేడమ్ వైపు తిరిగి, "ఈ అమ్మాయిని నాకు పంపండి" అన్నారు. మేడమ్ ఆయన చేతిలో గుప్పెడు పల్లీలు పోశారు. నేను అక్కడే, అందరి ముందే, వెక్కి వెక్కి ఏడ్చాను. "సాకు, సాకు" అని మేడమ్ నా వీపు నిమిరారు.

ఇప్పుడు నా ఉద్యోగమే అది. ఎన్నో దేశాల వాళ్లు కలిసి వాడే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌లో డిజిటైజేషన్ భాగం చూసేవాళ్లలో నేనొకదాన్ని. కొత్తగా చేరినవాళ్లు నున్నటి గుట్టలు గీసుకొచ్చి మురిసిపోతూ చూపిస్తారు. నేనూ నవ్వుతాను. ఎంత మండుతుందో తెలిసి కూడా నవ్వుతాను. తర్వాత వాళ్ల బల్లమీద పల్లీలు పెడతాను.

మేడమ్ రిటైరై గద్వాలలో ఉంటున్నారు. చెవులు మందగించాయి, మిషను పెట్టుకున్నారు. పాలు పొంగిన పొయ్యి మా ఆయనకు వదిలేసి ఫోను చేశాను.

"ఆగు, ఏం మాట్లాడకు" అన్నారు ఎత్తగానే. ఎప్పుడు చేసినా ఇంతే. ఎవరూ మాట్లాడనప్పుడు మిషను ఎంత గుయ్‌మంటుందో ముందు వింటారు. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ ఆగాను. "ఆఁ, ఇప్పుడు చెప్పు పిల్లా."

కరెంటు సంగతి, పాల సంగతి చెప్పాను. మా సాఫ్ట్‌వేర్‌లో సప్లై వోల్టేజీ తగ్గితే ఏమవుతుందో చూసే భాగానికి నేను పాత పేరే పెట్టాననీ, ఎక్కడెక్కడి దేశాల వాళ్లో అదేమిటో తెలియకుండానే రోజూ 'మోటర్' అని టైపు చేస్తున్నారనీ చెప్పాను. ఆమె నవ్వు ఫోను దాటి మా వంటింట్లో వినబడింది. మా ఆయన గుడ్డ పట్టుకుని అట్లాగే నిలబడి తనూ నవ్వాడు.

నవ్వడం ఆపి, మళ్లీ క్లాసులో గొంతుతో అన్నారు మేడమ్: "మంచిగుంది. గని వాళ్లకు చెప్పినవా, వాన పడ్డ రోజు రీడింగ్ గూడ చూడుమని?"